ఎర్రట్ట చిట్టా పుస్తకం: కథల కోసం మూడేళ్లకు పైగా వాడి చెబుతున్నాను

గుంటూరు పట్నం బజారులో ఒక సన్నటి సందు చివర, మెట్ల కింద కొట్టులో ఒక పెద్దాయన చేత్తో కుట్టి అమ్మే ఎర్ర గుడ్డ అట్ట చిట్టా పుస్తకం గురించి రాస్తున్నాను. వ్యాపారస్తులు లెక్కలు రాసుకోడానికి చేసే పుస్తకం అది. నేను 2022 జనవరి నుంచి అందులో కథలకు పనికొచ్చే సంగతులు రాసుకుంటున్నాను. ఇప్పటికి మూడు చిట్టాలు నిండాయి, ఒక ఆవర్జా, అంటే ఖాతాల పుస్తకం, సగానికి వచ్చింది, నాలుగో చిట్టా మొన్ననే మొదలుపెట్టాను. "కథకి వస్తువు ఎక్కడ దొరుకుతుందమ్మా మీకు?" అని అడిగినవాళ్లందరికీ నా జవాబు ఈ పుస్తకమే. అందుకని దీని మంచీ చెడూ వివరంగా రాయాలనిపించింది.

నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాని. పదహారేళ్లుగా అదే పని. అంతకుముందు మా నాన్న అదే కొట్టులో ముప్ఫై ఏళ్లు చేశారు. ఆయన కాలంలో లెక్కలన్నీ ఈ ఎర్రట్ట పుస్తకాల్లోనే ఉండేవి. కొత్త పుస్తకం రాగానే నాలుగు మూలలా పసుపు రాసి, మొదటి పుట నెత్తిన 'శ్రీ' పెట్టి, ఒక రాత్రి దేవుడి దగ్గర ఉంచేవారు. ఇప్పుడు మా దగ్గర అంతా కంప్యూటరే. రైతుకిచ్చే పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, కూడా అందులోంచే అచ్చయి వస్తుంది. నాన్న పోయాక ఆయన ట్రంకు పెట్టెలో రాయని చిట్టా ఒకటి దొరికింది. వేరే ఊళ్లో కొన్నదని అమ్మ చెప్పింది. తెరిస్తే కుట్టు పొడుగునా పురుగు తొలిచి జల్లెడలా ఉంది. రాయడానికి పనికిరాదు, పారెయ్యబుద్ధీ కాదు. అలాంటిదే కొత్తది కావాలని అడుగుతూ పోతే ఈ పెద్దాయన కొట్టు చూపించారు.

"ఏ యాపారమమ్మా?" అన్నారాయన మొదట.

"కథలు రాసుకుంటాను బాబాయ్."

కాసేపు నా మొహం చూసి, "అయితే గళ్లు లేకుండా కొట్టిస్తాలే, తెల్ల కాయితం," అన్నారు.

"వద్దు, గళ్లు ఉండాలి. లెక్కల పుస్తకం ఎట్టా ఉంటుందో అట్టాగే ఉండాలి," అన్నాను. నాన్న పుస్తకంలా ఉండాలన్న ఆశతో అన్న మాట అది. ఆ గళ్లే నాకు కథ రాయడం నేర్పుతాయని అప్పుడు తెలీదు.

ముందు పుస్తకం సంగతి. రెండు దస్తాలది. అంటే 48 ఠావులు, మధ్యకు మడిస్తే 96 ఆకులు, 192 పుటలు. ఆరేసి ఠావులు ఒక మడత చొప్పున ఎనిమిది మడతలు, ఒక్కోదాన్నీ తెల్ల దారంతో విడివిడిగా కుట్టి, తర్వాత అన్నిటినీ కలిపి కుడతారు. అందుకే ఏ పుట దగ్గర తెరిచినా చాప పరిచినట్టు పడుకుంటుంది, ఎడం చేత్తో అదిమి పట్టుకోనక్కర్లేదు. అట్టకి ముదురెరుపు గుడ్డ, మూలలకు నల్ల గుడ్డ. అట్ట లోపలి అంచున సన్నగా నీలం మరక కనిపిస్తుంది. అడిగితే, మైదా బంకలో మైలుతుత్తం కలిపి ఉడికిస్తానని చెప్పారు. పురుగు రాదట. మూడేళ్లలో రాలేదు. నాన్న పుస్తకం చేసినవాళ్లు ఆ గుప్పెడు మైలుతుత్తం వేసి ఉంటే అది కూడా బతికి ఉండేది.

ఎడమ పుట జమ, కుడి పుట ఖర్చు. రెండు పక్కలా తేదీ, వివరం, ఆ.పు., రూపాయలు, పైసలు అని గళ్లు. ఆ.పు. అంటే ఆవర్జా పుట. చిట్టాలో రాసిన పద్దు ఆవర్జాలో ఏ పుటలో ఏ ఖాతాలోకి వెళ్లిందో ఆ సన్నటి గడిలో రాస్తారు. చిట్టాలో అయితే ఏ రోజు జరిగినవి ఆ రోజు, వరసగా, ఎవరివైనా సరే ఎక్కించెయ్యడమే. ఆవర్జాలో మనిషికో ఖాతా, సరుకుకో ఖాతా. లెక్కలు తెలిసినవాళ్లకి ఇది ఓనమాలు. కథలు రాసేవాళ్లు దాచుకునే నోటు పుస్తకాల్లో మాత్రం ఈ రెండో పుస్తకం ఉండదు. ఆ.పు. గడి అసలే ఉండదు. నా దృష్టిలో ఈ పుస్తకం మొత్తం విలువ ఆ అంగుళం గడిలో ఉంది.

దీనికి ముందు నేను ఫోనులో రాసుకునేదాన్ని. తోచినప్పుడల్లా ఒక ముక్క. ఎన్నో ఉన్నాయి, ఒక్కటీ మళ్లీ తెరవలేదు. తెరిచి చూసిన రోజున అందులో ఇలాంటివి కనిపించాయి: 'రైతు మోసపోవడం మీద కథ.' 'కూతురి త్యాగం.' 'వలస.' ఇవి చూస్తే ఒక్క వాక్యం కూడా కదల్లేదు. కదలదు. ఎందుకంటే అందులో మనిషి లేడు, రోజు లేదు, అంకె లేదు. చిట్టాలో అలా రాయడానికి గడి ఒప్పుకోదు. తేదీ వెయ్యాలి, వివరం రాయాలి. 'రైతు మోసపోవడం' అన్నది ఏ తేదీన జరిగింది? ఎవరికి? ఎంతకి?

నేను రాసే పద్ధతి ఇది. ఎడమ పుటలో ఆ రోజు చూసింది, విన్నది. రూపాయల గడిలో ఎన్ని గంటలకో, పైసల గడిలో ఎక్కడో పొడి అక్షరాల్లో. యార్డైతే 'యా', బస్సైతే 'బ'. కుడి పుట ఖాళీగా వదిలేస్తాను. నెల తర్వాత వెనక్కి వచ్చి, ఆ పద్దు ఇంకా గుచ్చుకుంటుంటే కుడి పక్కన ప్రశ్నలు రాస్తాను. జవాబులు రాయను. అదే రోజు అర్థం రాసేస్తే ఆ సంగతి అక్కడితో చల్లారిపోతుందని రెండు మూడు సార్లు పోగొట్టుకున్నాక తెలిసింది.

ఒక పద్దు ఉన్నదున్నట్టు చూపిస్తాను. 2022 ఫిబ్రవరి 16, బుధవారం. సీజను ముమ్మరంగా ఉంది. తొమ్మిది టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చిన రైతు. తేజ రకం, నెమ్ము తక్కువ, తాలు కాయలు బాగా ఏరుకొచ్చారు. నికరం 371 కిలోలు, క్వింటా 17,500 చొప్పున 64,925 రూపాయలు. కమీషనూ హమాలీ కాటా ఖర్చులూ పోను 62,700. అందులో పెట్టుబడికి వాడుకున్న 50,000, దానికి రెండు రూపాయల వడ్డీ ఏడు నెలలకు 7,000. చేతికి 5,700. పట్టీ ఇస్తే తీసుకోలేదు. "చదువు పాపా," అన్నాడు. చదివాను. "మళ్లీ ఒకసారి," అన్నాడు. చదివాను. మూడోసారి చదవబోతుంటే చొక్కా జేబులోంచి ఫోను తీసి, మనవడో ఎవరో నేర్పినట్టున్నారు, బొటనవేలితో గట్టిగా నొక్కి, నా నోటి దగ్గర పెట్టాడు. వేలిగోరు చుట్టూ కారం పట్టి ఎర్రగా ఉంది. నేను మొత్తం చదివేదాకా కదల్లేదు. చేతికి వచ్చేది అయిదు వేల ఏడు వందలు అన్నాక ఫోను ఆపి, డబ్బు లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఎందుకు రికార్డు చేసుకున్నాడని నేను అడగలేదు. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. ఆ రాత్రి ఇది చిట్టాకెక్కింది. నెల తర్వాత కుడి పుటలో రాసింది ఒక్క ముక్క: 'ఎవరికి వినిపించడానికి?'

ఆవర్జాలో దీన్ని ఏ ఖాతాలో వెయ్యాలో తెలియలేదు. లెక్కల్లో ఏ ఖాతాకి చెందిందో తేలని పద్దులకి ఒక చోటుంది, అనామతు ఖాతా. తేలేదాకా అక్కడ పడి ఉంటాయి. నా ఆవర్జాలో మొదటి రెండు పుటలూ అనామతుకే వదిలాను. ఆ రైతు అక్కడ ఏడు నెలలు కూర్చున్నాడు.

2022 సెప్టెంబరు 19. బ్రాడీపేటలో ఒక బ్యాంకులో వరుసలో కూర్చుని ఉన్నాను. పక్కన తల్లీకూతుళ్లు. కూతురికి ఇరవై లోపే. చేతిలో బ్యాంకు నోటీసు. తల్లి "ఎంతంటే?" అంది. కాగితం నాకు కనిపిస్తూనే ఉంది, లక్షా పద్దెనిమిది వేలు. ఆ పిల్ల తల పైకెత్తకుండా, "పద్దెనిమిది వేలమ్మా," అంది. లక్ష మింగేసింది. తల్లి "హమ్మయ్య" అని కొంగుతో మెడ తుడుచుకుంది.

ఇంటికొచ్చి రాసుకుంటుంటే చెయ్యి ఆగింది. అనామతు పుట తీశాను. రెండూ పక్కపక్కన పెట్టి కొత్త ఖాతా తెరిచాను, 'చదివి వినిపించడం' అని. రెండు పద్దుల ఆ.పు. గళ్లలోనూ ఒకటే పుట సంఖ్య పడింది. నాకు కథ దొరికిన క్షణం ఏదంటే అదే. చదువురాని తండ్రి, పట్టీ చదివిపెట్టే కూతురు. కూతురు అయిదు వేల ఏడు వందల్ని పదిహేను వేల ఏడు వందలని చదువుతుంది. ఆ పది వేలు తన పరీక్ష ఫీజులోంచి సర్దుతుంది.

ఇది చదివి చాలామంది 'రెండు సంగతులు కలిపితే కథ' అనుకోవచ్చు. కలిస్తే సరిపోదు. ఆ తర్వాత పని ఇంకా ఉంది, ఆ పనిలోనే ఈ పుస్తకం నాకు ఎక్కువ సాయపడింది.

మొదట ఆ కథని గుమస్తా చెబుతున్నట్టు రాశాను. నాకు తెలిసిన గొంతు అదే కదా. పదకొండు పేజీలు వచ్చింది. ఒక పత్రికకి పంపితే తిప్పి పంపారు. ఎందుకో రాయలేదు. నాకూ ఎక్కడో కుంటుతోందని తెలుసు, ఎక్కడో తెలీదు. అప్పుడు ఆవర్జాలో ముగ్గురికీ తలా ఒక పుట ఇచ్చాను. కూతురు, తండ్రి, గుమస్తా. ఎడమ పక్క ఆ మనిషికి ఈ కథలో ఏం అందింది, కుడి పక్క ఏం ఇచ్చుకుంది. గుమస్తా పుటలో జమ, పట్టీ చదివిన పని. ఖర్చు, మూడుసార్లు చదివిన ఓపిక. నిల్వ తేలిస్తే సున్నా. ఆవిడ ఎవరికీ బాకీ లేదు, ఆవిడకి ఎవరూ బాకీ లేరు. కథంతా ఆవిడ కళ్లతో చూపిస్తే చదివేవాళ్లకి ఏం పట్టుకుంటుంది?

కూతురి పుట నిండిపోయింది. జమ: కాయ కోతలప్పుడు కూడా పొలానికి రానివ్వకుండా చదివించడం. హాస్టలు ఫీజు. కొత్త ఫోను. ఖర్చు: ఆరో తరగతి నుంచి ఇంట్లో ప్రతి కాగితమూ తనే చదవడం. పది వేలు. బాకీ: ఒక నిజం. తండ్రి పుట తెరిచేసరికి ఫిబ్రవరి పద్దు లేచి నిలబడింది. ఆయన ఫోనులో గుమస్తా గొంతు ఉంది, అయిదు వేల ఏడు వందలని. ఇంటికెళ్లి కూతురిచేత చదివించుకున్నాడు, పదిహేను వేల ఏడు వందలని విన్నాడు. అంటే ఆయనకి తెలుసు. ఆ పిల్ల మంచం కింద పెట్టిన పది వేలు ఎక్కడివో కూడా తెలుసు. అడిగితే ఒక బాకీ తీరుతుంది, ఇంకోటి మొదలవుతుంది.

కూతురి వైపు నుంచి తిరిగి రాశాను. ఏడు పేజీలకు తగ్గింది. చివర్లో తండ్రి అరుగు మీద పడుకుని ఫోను చెవికి ఆనించుకుని వింటుంటాడు, లోపల్నుంచి ఆ పిల్లకి గుమస్తా గొంతు అస్పష్టంగా వినిపిస్తుంది. అంకె వినిపించే ముందే ఆయన ఆపేస్తాడు. అక్కడ ముగించాను. ఆ ముగింపు నేను ఆలోచించి తెచ్చింది కాదు, ఖాతాలో తేలింది.

కథ అయ్యాక అంకణా తీస్తాను. లెక్కల్లో జమలన్నీ ఒక పక్క, ఖర్చులన్నీ ఒక పక్క కూడి సరిపోయాయో లేదో చూసుకోవడమే అంకణా. కథకీ అంతే. ముందు పుటల్లో చదివేవాళ్లకి ఏం ఆశ పెట్టాను, అది తీరిందా, తీర్చకుండా వదిలితే తెలిసే వదిలానా? ఆ కథలో నాయనమ్మ కమ్మలు తాకట్టు పెట్టిన సంగతి రెండో పేజీలో వచ్చి మళ్లీ ఎక్కడా రాలేదు. నాకు చాలా ఇష్టమైన నాలుగు వాక్యాలవి. తేడా అక్కడే వచ్చింది. తీసి మళ్లీ చిట్టాలోకి పంపాను, ఆ.పు. గడి ఖాళీ చేసి. ఇంకో కథకి పనికొస్తాయి.

హెన్రీ జేమ్స్ అనే నవలాకారుడి సంగతి ఒకటి ఎక్కడో చదివాను, ఇక్కడ చెప్పాలి. 1893 క్రిస్మస్ రోజుల్లో ఒక విందులో పక్కన కూర్చున్న ఆవిడ ఏదో మాటల్లో చెప్పింది, ఒక తల్లీ ఆమె ఒక్కగానొక్క కొడుకూ పాత ఇంట్లోని సామాను కోసం గొడవపడుతున్నారని. ఆ కాస్త మాటలోనే ఆయనకి నవల కనబడింది. ఆవిడ ఇంకా వివరాలు చెప్పుకుపోతుంటే, ఇక చాలు, మిగతాది వింటే చెడిపోతుందని ఆయనకి అనిపించిందట. ఆ విత్తు నుంచి నిజంగానే నవల రాశాడు. ఆ మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. రైతుని అడక్కపోవడం నాకు మేలైంది, నిజమే. ఇంకోసారి అడిగాను. యార్డు గేటు దగ్గర టీ కొట్టులో గోడ మీద సుద్దముక్కతో బాకీలు రాస్తారు. అన్ని పేర్లూ చెరిగి మళ్లీ రాస్తుంటారు, ఒక పేరు మాత్రం పదకొండు టీలతో ఏడాది పాటు అలాగే ఉంది. ఎన్ని ఊహించుకున్నానో. చివరికి కొట్టతన్ని అడిగితే, "సిలిండరు అడ్డమమ్మా, గుడ్డ అందదు అక్కడికి," అన్నాడు. పోయిందనుకున్నాను కథ. కుడి పుటలో మాత్రం ఆ జవాబు రాసిపెట్టాను. రెండేళ్ల తర్వాత వేరే కథలో ఒక టీ కొట్టు వచ్చినప్పుడు, ఆ అందని గుడ్డ ఉన్న గోడే ఆ కొట్టుని నమ్మించింది. అడగాలా వద్దా అన్నదానికి నా దగ్గర నియమం లేదు. విన్నదాన్ని పారెయ్యకుండా ఉండటానికి మాత్రం ఒక పుట ఉంది.

ఎవరో రాసేసే ఉంటారు అన్న భయం కూడా అందరికీ ఉంటుంది. నాకూ వచ్చింది. 2023 వేసవిలో యార్డుకి సెలవులిచ్చినప్పుడు రైలెక్కి ఆముదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి, అక్కడి నుంచి శ్రీకాకుళం ఊళ్లోకి వెళ్లి కథానిలయంలో రెండు రోజులు కూర్చున్నాను. కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన చోటు అది, తెలుగు కథ ఎక్కడ అచ్చయినా తెచ్చి దాచాలన్న పట్టుదలతో. బీరువాల నిండా పాత పత్రికలు, సంపుటాలు. చదువురానివాళ్లకి ఉత్తరాలు చదివిపెట్టే కథలు ఒకటి కాదు, చాలానే చూశాను. మొదటి రోజు సాయంత్రం మనసు చిన్నబోయింది. రెండో రోజు మళ్లీ చదువుతుంటే తెలిసింది, ఒక్కో కథలో చదివే గొంతు వేరు, దాచే మాట వేరు. ఉత్తరంలో చావు కబురు దాచడానికీ, పట్టీలో పది వేలు కలపడానికీ మధ్య ఎంతో దూరం ఉంది. వస్తువు పాతదైతే ఏం, పద్దు నాది. అక్కడ చదివిన రెండు రోజులూ నాకు ఏ శిక్షణా శిబిరంలోనూ దొరకనంత ఇచ్చాయి.

ఇక లోపాలు.

బరువు. రెండు దస్తాల పుస్తకం సంచిలో వేసుకుని బస్సెక్కలేం, తీసి పదిమందిలో రాయలేం. నేను పగలంతా పాత పట్టీల వెనక చీటీలు రాసుకుని రాత్రి చిట్టాకెక్కిస్తాను. కొన్ని చీటీలు సంచి అడుగున కారంతో కలిసి చదవరాకుండా పోయాయి. ఈ రెండో రాతలో ఒక లాభమూ ఉంది, ఎక్కించబుద్ధి కానిది అక్కడే రాలిపోతుంది. అయినా చిన్న సైజు ఒకటి కుట్టమని అడుగుతూనే ఉన్నాను, ఆయన ఒప్పుకోవడం లేదు. చిన్న పుస్తకానికి ఈ కుట్టు నిలవదంటారు.

కాగితం. వేసవిలో బాగుంటుంది. శ్రావణ మాసం వచ్చేసరికి తేమకి మెత్తబడి సిరా పెన్ను పాకుతుంది, వెనక పుటలోకి దిగుతుంది. బాల్ పెన్నుతో ఇబ్బంది లేదు. పుటల అంకెలు ముద్ర వేసి ఇస్తారు గానీ మూడో పుస్తకంలో 140 తర్వాత సిరా పలచబడి కనిపించీ కనిపించనట్టున్నాయి. ఆ.పు. మీద ఆధారపడే నాలాంటిదానికి ఇది చిన్న లోపం కాదు. తీసుకెళ్లి చూపిస్తే ఏమీ అనకుండా కూర్చుని, నా ఎదురుగానే మళ్లీ ముద్రలు వేసిచ్చారు.

వెతుక్కోవడం కష్టం. ఫోనులో అయితే ఒక మాట కొడితే వస్తుంది. ఇందులో వెనక్కి తిప్పుకుంటూ పోవాల్సిందే. నాకు మాత్రం ఆ తిప్పడంలోనే కొత్త జతలు కనిపించాయి. పని ఒత్తిడి ఎక్కువున్నవాళ్లకి ఇది కుదరకపోవచ్చు.

ఇంకొక జాగ్రత్త, పుస్తకానిది కాదు, మనది. తొలి ఏడాది ఒక కథలో ఒకావిడ చీర కొంగుకి తాళంచెవి కట్టుకునే తీరూ, ఊరి పేరూ ఉన్నవున్నట్టు వాడేశాను. ఆవిడ చదవలేదు గానీ ఆవిడ కోడలు చదివింది. మా వీధిలో ఆవిడ ఎదురైనప్పుడు "నా తాళంచెవి కూడా రాసేశావా అమ్మాయ్?" అంది, కోపంగా కాదు, తక్కువ గొంతుతో. ఆ రోజు నుంచి చిట్టాలో ఏం రాసుకున్నా, ఆవర్జాకి ఎక్కించేటప్పుడు పేరూ ఊరూ దిగవు. 'రై 1', 'బ్యాం కూ' అని పొడి అక్షరాలే. చిట్టా ఎవరికీ చూపించను.

మొదటి చిట్టాలో మొత్తం 611 పద్దులున్నాయి. వాటిలో ఆవర్జాకి ఎక్కినవి 94. పూర్తి కథలైనవి నాలుగు. ఈ అంకెలు చూసి ఇంతేనా అన్న స్నేహితురాలు ఉంది. నాకైతే ఎక్కువే. మిగతా 517 పోలేదు, తేదీలతో సహా అక్కడే ఉన్నాయి. మా యార్డులో హమాలీలు టిక్కీలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు. ఏడు దగ్గరకొస్తే ఆరున్నొకటి. ఈ ఒక్క సంగతి రెండో చిట్టాలో పద్దెనిమిదో పుటలో ఉంది, ఇంకా ఏ ఖాతాకీ వెళ్లలేదు. 'ఏడు' అనకూడని చోట పనిచేసే మనిషికి ఏడో బిడ్డ పుడితే లెక్కెలా చెబుతాడు? కుడి పుటలో అంతే రాసి ఉంది.

ఎవరికి పనికొస్తుంది? రోజూ పదిమంది మధ్య పనిచేసేవాళ్లకి, చూసింది రాత్రికి మర్చిపోయేవాళ్లకి, బాగా పనికొస్తుంది. ఒకే బిగిన కూర్చుని కథ మొత్తం మనసులోనే అల్లుకునేవాళ్లు ఉంటారు, వాళ్లకి ఈ గళ్లు అడ్డం. లెక్కలు రానివాళ్లు భయపడక్కర్లేదు, జమ ఖర్చు తెలిస్తే చాలు.

రెండు దస్తాలది రూ.320, మూడు దస్తాలది రూ.450. ఆవర్జాకి మూడు దస్తాలదే తీసుకోండి. ముందు చెబితే వారంలో ఇస్తారు. శుక్రవారం కొట్టు ఉండదు. మార్చి నెలాఖర్లో వెళ్లొద్దు, కొత్త సంవత్సరం లెక్కల పుస్తకాలతో ఊపిరాడదు ఆయనకి. పోస్టులో పంపరు, వెళ్లి తెచ్చుకోవాలి. గళ్లు మనకి కావాల్సినట్టు కొట్టించి ఇస్తారు, దానికి అదనంగా ఏమీ తీసుకోలేదు నా దగ్గర.

నాలుగో పుస్తకానికి నేను చెప్పిన మార్పు ఒకటే. ఆ.పు. గడిని ఇంకో అర అంగుళం వెడల్పు చేయించాను. ఇంతకుముందు అందులో ఒక పుట సంఖ్యే పట్టేది. ఈ మధ్య ఒక్కో పద్దు పక్కన రెండు మూడు ఖాతాల పుటలు రాయాల్సి వస్తోంది.